పులస గుడ్లు పెట్టే నీళ్లకి కాపలా: ముందు ఎవరిని ఒప్పించాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: సొంతూరు కోనసీమ, ఉద్యోగం హైదరాబాద్‌లో. పులస ఏటికేడు తగ్గిపోతోందని, అది గుడ్లు పెట్టే గోదావరి పాయల్ని కాపాడాలని నలుగురు స్నేహితులు కలిసి ఆన్‌లైన్‌లో పిటిషన్ పెట్టారు. సంతకాలు బాగానే వచ్చాయి. తీరా ఊళ్లో ఒక ఆదివారం ఉదయం పదింటికి మీటింగ్ పెడితే పడవలవాళ్లు ఒక్కరూ రాలేదు. ఈ పరిస్థితిలో ప్రాంతం మొత్తం మద్దతు ఎలా కూడగట్టాలి అని.

మత్స్యకార సహకార సంఘాలతో చాలా ఏళ్లు పనిచేసినవాణ్ని కాబట్టి తెలిసినంత చెప్తాను. కొంచెం పెద్ద సమాధానమే, ఓపిక చేసుకోండి.

ముందు మీటింగ్ సంగతి. ఆదివారం ఉదయం పదింటికి చేపల బజారు మంచి ఊపు మీద ఉంటుంది. వారంలో నాలుగు డబ్బులు కళ్లజూసే పూట అది. ఆ టైముకి రమ్మంటే ఎవరొస్తారు? వాళ్లకి పులస మీద శ్రద్ధ లేదనుకోకండి. మీరు పిలిచిన వేళే బాగాలేదు.

అసలు విషయానికొస్తే, మీకు వచ్చిన సంతకాలు పులస తినేవాళ్లవి, పట్టేవాళ్లవి కావు. చేప గుడ్లు పెట్టే చోటుని కాపాడటం అంటే ఎవరో ఒకరు కొన్నాళ్లు వల వేయకుండా ఒడ్డున కూర్చోవడం. ఆ కూర్చునేవాడు ఒప్పుకోనంతవరకు మిగతా లక్షమంది ఒప్పుకున్నా లాభం లేదు. రాత్రి రెండు గంటలకి పాయలో వల పడాలా వద్దా అన్నది తేల్చేది అతనే. ఆ వేళప్పుడు అక్కడ పోలీసూ ఉండడు, ఫిషరీస్ ఆఫీసరూ ఉండడు. అందుకని నా లెక్కలో మద్దతు అంటే నష్టపోయేవాడి ఒప్పుదల. మిగతావాళ్లంతా ఆ నష్టాన్ని పంచుకోవడానికి ముందుకు రావడం రెండో మెట్టు. ఇప్పటిదాకా నేను చూసిన ప్రచారాలు చాలావరకు రెండో మెట్టు మీదే మొదలై అక్కడే ఆగిపోయాయి.

పులస విషయంలో ఇంకో చిక్కుంది. సీజన్‌లో యానాం బజార్లోనో, రావులపాలెం దగ్గర రోడ్డు పక్కనో ఒక పావుగంట నిలబడి చూడండి. కొనేవాడు మొదట అడిగేది బరువు కాదు, "శన ఉందా?" అని, అంటే కడుపులో గుడ్లున్నాయా అని. అమ్మే ఆవిడ చేపని వెల్లకిలా తిప్పి, పొట్ట మీద బొటనవేలితో మెల్లిగా నొక్కి చూపిస్తుంది. పొట్ట బిగుతుగా, ఉబ్బెత్తుగా ఉందంటే ఇక రేటు ఆవిడ చెప్పిందే. పోతు చేపకి ఆ ధర పలకదు. బాగా పెద్ద ఆడ చేప కడుపులో గుడ్లు 10 లక్షలు దాటి కూడా ఉంటాయి. సముద్రం నుంచి వరద ఎర్రనీటికి ఎదురీదుతూ అంత దూరం వచ్చేది ఆ గుడ్లు పెట్టడానికే. సరిగ్గా ఆ చేపకే మనం అందరికంటే ఎక్కువ డబ్బిచ్చి మరీ పట్టిస్తున్నాం. ఒక్క చేప 20 వేలు దాటి పాట పాడుకున్నారని పేపర్లో ఫొటోలతో వేసుకుంటున్నాం కూడా.

అలాగని "పులస తినకండి" అని మొదలుపెట్టారా, మీ పని అయిపోయినట్టే. పుస్తెలమ్మైనా పులస తినాలనే ప్రాంతంలో ఆ మాట ఎవరు వింటారు? నేనైతే వినను. మీ అమ్మగారు కూడా వినరని నా అనుమానం.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? గోదావరి మ్యాపుతో మొదలుపెట్టండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక, తర్వాత దాని స్థానంలో 1982 నాటికి 175 గేట్ల బ్యారేజీ వచ్చాక పులసకి ఎగువ దారి దాదాపు మూసుకుపోయింది. కాటన్ దొర కట్టించిన ఆనకట్ట డెల్టాకి అన్నం పెట్టింది, దాన్ని ఎవరూ కాదనరు. కానీ చేపకి మిగిలింది మాత్రం బ్యారేజీ కింద నుంచి సముద్రం దాకా ఉన్న గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలే. గుడ్లు పెట్టినా, పిల్లలు పెరిగినా ఈ కాస్త నీటిలోనే. ఈ ముక్క చెప్పినప్పుడు తల ఊపని జాలరి నాకు తగల్లేదు, ఎందుకంటే అది వాళ్లకి మనకంటే ముందే తెలుసు. బొబ్బర్లంక దగ్గర, సిద్ధాంతం దగ్గర ఏ మడుగులో వల తీస్తే చేతికి గుడ్లు కారుతూ అంటుకుంటాయో, వరద తీశాక వేలెడంత పిల్ల ఏ ఇసుక మేట పక్కన కనబడుతుందో పెద్దవాళ్లు వేలు పెట్టి చూపిస్తారు. ఆ జ్ఞానం కాగితం మీదకి ఎక్కించడమే మీ మొదటి పని కావాలి. వాళ్లు చెప్పినట్టు మ్యాపు మీద గుర్తులు పెట్టండి. ఆ తర్వాత ముత్తుకూరు మత్స్య కళాశాల విద్యార్థులనో, కాకినాడలోని రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థవాళ్లనో తీసుకొచ్చి నీటి నమూనాలు, పిల్లల లెక్కలు తీయించండి. వరస మాత్రం మార్చొద్దు. సైంటిస్టు వచ్చి జాలరికి చెప్తే అది క్లాసు. జాలరి చూపిస్తే సైంటిస్టు అవునన్నాడంటే ఆ మ్యాపు ఊరి సొత్తు అవుతుంది, దానికోసం నలుగురితో వాదించడానికి వాళ్లే దిగుతారు.

"నిషేధం" అనే మాటకి మనవాళ్లు బెదిరిపోతారని చాలామంది భయపడతారు. అక్కర్లేదు. తూర్పు తీరమంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు, మోటారు బోట్లు సముద్రంలోకి వెళ్లవు. 2015కి ముందు అది 47 రోజులే ఉండేది, పెంచినప్పుడు గొడవ జరిగినా చివరికి అలవాటైపోయింది. ఎందుకు అలవాటైందో చూడండి. తేదీలు అందరికీ నోటికి తెలుసు. పక్క ఊరివాడు, పక్క రాష్ట్రంవాడు కూడా ఆగుతాడు. ఆగినందుకు భృతి ఉంది: 2019కి ముందు 4 వేలు, ఆ ఏడాది నుంచి 10 వేలు, 2025లో 20 వేలు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తీసేసినా నిషేధం నిలబడదు. డబ్బు ఆలస్యంగా పడిన ఏడాది రేవులో ఆ తిట్లు వింటే మీకే అర్థమవుతుంది.

ఇక్కడే ఒక పొరపాటు అభిప్రాయం ఉంది, మీ పిటిషన్‌లో కూడా కనబడింది. ఆ 61 రోజులు పులసని కూడా కాపాడుతున్నాయి కదా అని. లేదండీ. పులస నదిలోకి ఎక్కేది వరద నీళ్లు మొదలయ్యాక, జులై నుంచి సెప్టెంబరు దాకా. అప్పటికి సముద్రంలో నిషేధం ఎత్తేసి ఉంటారు, నదీ ముఖంలో వలలు బారులు తీరి ఉంటాయి. ఈ చేపకి వేరే ఏర్పాటు కావాలి.

ఆ ఏర్పాటు ఎలా ఉండొచ్చో చూడాలంటే బంగ్లాదేశ్ వైపు చూడండి. ఇదే చేప (సముద్రంలో ఉన్నప్పుడు మనవాళ్లు ఇలస అంటారు), వాళ్లకి ఇలిశ్, వాళ్ల జాతీయ చేప కూడా. 2005లో మేఘన నది దిగువ ప్రాంతంలో, ఆ చుట్టుపక్కల పాయల్లో కొన్ని భాగాలని అభయస్థలాలుగా ప్రకటించి, తర్వాత వాటిని ఆరుకి పెంచారు. 25 సెంటీమీటర్ల లోపు పిల్లని నవంబరు నుంచి జూన్ దాకా పట్టకూడదు, అమ్మకూడదు. గుడ్లు పెట్టే అక్టోబరు పౌర్ణమి చుట్టూ 22 రోజులు దేశమంతా వేట ఆపుతారు. పిల్ల చేపని వదిలేసే కాలంలో నాలుగు నెలలపాటు నమోదైన కుటుంబానికి నెలకి 40 కిలోల బియ్యం ఇస్తారు. ఏటా ఒక వారం పాటు నదిలో పడవల ర్యాలీలు, బజార్లలో ప్రచారం. 2002-03లో 2 లక్షల టన్నుల దగ్గర ఉన్న దిగుబడి 2017-18కి 5 లక్షల టన్నులు దాటింది. ఈ మధ్య మళ్లీ కాస్త దిగింది, కాబట్టి అద్భుతం అని చెప్పను. అయినా ఇలస విషయంలో ఇంత పెద్ద ప్రయోగం మరొకటి లేదు.

అందులోనూ లోపం ఎక్కడుందో తెలుసుకోవడం మీకు ఎక్కువ పనికొస్తుంది. బియ్యం అందరికీ అందలేదు. అంతకంటే ముఖ్యం, పడవకీ వలకీ ముందుగా అప్పిచ్చిన వ్యాపారి వేట ఆపనివ్వడు. బియ్యంతో పొయ్యి వెలుగుతుంది గానీ అప్పు తీరదు. మన దగ్గర కూడా సరిగ్గా ఇదే కథ. ఐ.పోలవరం వైపు ఒక ఊళ్లో రామకోవెల అరుగు మీద ఈ మాటలే చెప్తుంటే వెనక నుంచి ఒక పెద్దావిడ లేచింది. "ఆయ్, బాగానే చెప్పారండి. చేపకి సెలవిద్దాం. మరి వడ్డీకి కూడా సెలవిస్తారా అండి?" అంది. అందరూ నవ్వారు. ఆ ప్రశ్నకి జవాబు లేకుండా మీరు ఊళ్లోకి వెళ్లొద్దు. సహకార సంఘం ద్వారా ఆ నెలల్లో వడ్డీ మాఫీనో, వాయిదానో బ్యాంకుతో ముందే మాట్లాడి ఉంచుకోవాలి. చమురు పైపులైన్ల పనులప్పుడు వేట పోయినందుకు నెలకింత అని పరిహారం తీసుకున్న అనుభవం అటువైపు ఊళ్లకి ఉంది. ఎవరికి ఎంత నష్టం అన్న లెక్క ఎలా కట్టాలో వాళ్లు మీకంటే, నాకంటే బాగా చెప్పగలరు.

పశ్చిమ బెంగాల్‌లో కూడా 2013 నుంచి 23 సెంటీమీటర్ల లోపు ఇలస పట్టకూడదన్న నిబంధన ఉంది. కాగితం మీద బాగానే ఉంటుంది. బజార్లో మాత్రం చిన్న చేప దొరుకుతూనే ఉంటుంది. కొనేవాడు మారకపోతే అంతే.

ఇప్పుడు మీరు ఏం అడగాలన్నది. పిటిషన్‌లో "గోదావరి డెల్టా మొత్తాన్ని పులస అభయారణ్యంగా ప్రకటించాలి" అని రాశారు. ఆ వాక్యం వెంటనే తీసేయండి. అభయారణ్యం అనగానే మన జిల్లాల్లో జనానికి గుర్తొచ్చేది కొల్లేరు, 2006లో అక్కడి అభయారణ్యంలోని చేపల చెరువు గట్లు పేల్చేయడం. అది తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ, కానీ ఆ మాట వింటే గుండెలో రాయి పడేవాళ్లు ఇంకా ఉన్నారు. దాని బదులు అందరికంటే తక్కువ నష్టం కలిగించే కోరికతో మొదలుపెట్టండి. నా సలహా పిల్ల చేప. వరద తీశాక పొదిగిన పిల్ల కొన్ని నెలలు నదిలోనే పెరిగి సముద్రానికి దిగుతుంది. ఆ రోజుల్లో సన్నకన్ను వలల్లో, దోమతెరలాంటి వలల్లో అది బుట్టలకొద్దీ పడిపోతుంది. దానికి ధర ఏమీ రాదు, ఎండబెట్టి అమ్మేస్తారు. నాలుగైదు రూపాయల ఆ పిల్లే పెద్దదై తిరిగొస్తే ఎంతో పలుకుతుందని జాలరికి లెక్క చెప్పాల్సిన పనిలేదు. ఇంత చిన్న త్యాగానికి ఊరు తొందరగానే ఒప్పుకుంటుంది. ఒక్కసారి ఒక ఊరు తన నోటితో ఒక కట్టుబాటు పెట్టుకుందా, రెండోది అడగడం తేలిక.

రెండోది: ఒడ్డు నుంచి ఒడ్డుకి వల కట్టకూడదు, పాయలో కొంత భాగం చేపకి దారిగా వదలాలి. ఇది కింద ఉన్న ఊరికి, పైన ఉన్న ఊరికి మధ్య ఎప్పటినుంచో నలిగే తగువు కూడా. పైనున్నవాళ్లు మీకు వెంటనే మద్దతిస్తారు. కిందవాళ్లకి కోపం వస్తుంది, దాన్ని తట్టుకునే పెద్దమనుషులు కావాలి. మడుగుల్లో కొన్ని రోజులు పూర్తిగా వేట ఆపడం మూడోది, భృతి ఏర్పాటయ్యాకే అడగండి.

ఈ తగువు వల్లే ఇది ఒక్క ఊరి పని కాదని, మీరన్నట్టు ప్రాంతం మొత్తం కదలాలని చెప్పేది. చేప అంతర్వేది దగ్గర లోపలికి వస్తే ఒక ఒడ్డు పశ్చిమగోదావరి, ఇంకో ఒడ్డు కోనసీమ. గౌతమి వైపు వస్తే మధ్యలో యానాం, అది పుదుచ్చేరి ప్రభుత్వం కింద. 2022లో జిల్లాలు విడగొట్టాక సంతకం పెట్టాల్సిన కలెక్టర్లు ఇంకా పెరిగారు. ఇందులో యానాంని వదిలేసి చేసే ఏ ప్రయత్నమైనా దండగ. పెద్ద పాటలు జరిగేది అక్కడే, పేరున్న చేప అమ్మే ఆడవాళ్లు అక్కడే ఉన్నారు. మగవాళ్ల సంఘాలతో ఎన్ని మీటింగులు పెట్టినా, బుట్ట దగ్గర కూర్చున్న ఆవిడ "పిల్ల చేప నా దగ్గరకి తేవద్దు" అందంటే ఆ రోజుతో పని సగం అయిపోయినట్టే. వాళ్లని వేదిక మీద దండ వేయడానికి కాకుండా నిబంధన రాసేటప్పుడు పిలవండి.

హోటళ్లవాళ్లు మీకు సహజ మిత్రులు, అదీ తమ స్వార్థం కోసమే. ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి ఐస్‌లో వచ్చిన ఇలసని గోదావరి పులస అని అమ్మేస్తున్నారని ఊరూరా వినిపించే మాటే. నిజాయితీగా అమ్మేవాడికి అది కడుపుమంట. అసలు చేపకి సంఘం తరఫున ఒక గుర్తు, పట్టిన రేవు పేరు, బదులుగా చిన్న చేప కొనబోమన్న మాట. ఇలాంటి ఒప్పందానికి వాళ్లు దిగుతారు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చాక ఆ ఊళ్లో వచ్చిన గర్వం మీకు తెలిసే ఉంటుంది. మన ఆయుధం ఆ గర్వమే, పర్యావరణం అన్న మాట కాదు.

వేర్వేరు కారణాలున్నవాళ్లు ఒక్క కోరిక మీద కలవడానికి పెద్ద ఉదాహరణ అలాస్కాలోని బ్రిస్టల్ బే. అక్కడ సాల్మన్ చేపలు గుడ్లు పెట్టే నదుల నెత్తిన పెబుల్ అనే రాగి, బంగారం గని రావాల్సింది. ఆదివాసీ తెగలు, వేట పడవలవాళ్లు, సరదాకి గాలం వేసేవాళ్లకి లాడ్జీలు నడిపేవాళ్లు, వంట మాస్టర్లు, ఆఖరికి ఆ బంగారం కొనబోమని ప్రకటించిన నగల కంపెనీలు కూడా ఒక పక్కన నిలబడ్డారు. 2023 జనవరిలో అమెరికా పర్యావరణ సంస్థ గని వ్యర్థాలు అక్కడ పారబోయకుండా నిషేధించింది. వీళ్లలో సగం మందికి మిగతా సగం మందితో మామూలు రోజుల్లో పడదు. అందరూ అన్నిటికీ ఒప్పుకోవాలని ఎవరూ పట్టుబట్టలేదు, అదీ కిటుకు.

మనకి గని లేదు గానీ ఇసుక ర్యాంపులున్నాయి. డ్రెడ్జర్లు పెట్టి తోడిన చోట మడుగు రూపమే మారిపోతుంది. ఇక్కడ కొంచెం జాగ్రత్త. మొదటి ఏడాదే ఇసుక మీద యుద్ధం ప్రకటిస్తే మీ వెంట ఎవరూ మిగలరు, ఆ ర్యాంపులో కూలికి వెళ్లేది ఆ జాలరి తమ్ముడే. మ్యాపు మీద గుర్తించిన మడుగుల దగ్గర మాత్రం ర్యాంపు ఇవ్వొద్దని, అంతవరకే అడగండి. పెద్ద పోరాటం చేయాలనుకునేవాళ్లు వేరే పేరుతో చేసుకుంటారు, మంచిదే, మీ సంఘం పేరు అందులో కలపకండి.

ఆక్వా జిల్లాలు కదా, ప్రతి మీటింగ్‌లోనూ ఒకరు లేచి "హేచరీలో పిల్ల తీసి వదిలేస్తే పోలా?" అంటారు. బొచ్చె, శీలావతికి ఇంజెక్షన్ ఇచ్చి పిల్ల తీసినట్టు దీనికి కుదరదు. నీళ్లలోంచి తీస్తే క్షణాల్లో చచ్చిపోయే సుకుమారం. పరిశోధనా సంస్థలు కృత్రిమంగా గుడ్లు పొదిగించి పిల్లలని తీసినా, వ్యాపార స్థాయిలో పెంపకం ఇంకా రాలేదు. ఈ జవాబు రెండు ముక్కల్లో చెప్పి ముందుకెళ్లండి, అక్కడ చర్చ మొదలైతే ఆ సాయంత్రం గోవిందా.

ప్రభుత్వం దగ్గరకి ఎప్పుడు వెళ్లాలి? ఊళ్లు తీర్మానం చేశాక. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకి జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండాలి, స్థానిక జీవజాతుల రిజిస్టర్ రాయాలి. చాలా ఊళ్లలో అది బీరువాలో పడుకుని ఉంటుంది. మీ మ్యాపుని ఆ రిజిస్టర్‌లోకి ఎక్కించండి, గ్రామసభలో తీర్మానం చేయించండి. అదే చట్టంలోని 37వ సెక్షన్ కింద స్థానిక సంస్థలతో సంప్రదించి ఒక చోటుని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. ఎమ్మెల్యే దగ్గరకి పది పంచాయతీల తీర్మానాలు పట్టుకుని వెళ్తే వచ్చే మర్యాద, ఆన్‌లైన్ సంతకాల ప్రింటవుట్‌కి రాదు. ఇంకొకటి, ఏ పార్టీ కండువా కప్పుకున్న మనిషినీ కన్వీనర్‌గా పెట్టకండి. ఎన్నికల ఏడాది వస్తే మొత్తం రెండుగా చీలిపోతుంది.

హైదరాబాద్‌లో ఉన్న మీరు, బెంగళూరు, అమెరికాల్లో ఉన్న మీ స్నేహితులు చేయగలిగింది కూడా ఉంది. ప్రతి ఏడాదీ పులస తెప్పించుకునేది మీరే కదా. చిన్న చేప కొనం, పట్టిన రేవు పేరు చెప్పనిదే కొనం అని మీ వాట్సాప్ గ్రూపులోనే మొదలుపెట్టండి. చేపకి ఇంత అని పక్కన పెట్టి ఆ డబ్బు సహకార సంఘం వడ్డీ నిధికి పంపండి. నిధి ఖాతా, లెక్క సంఘం దగ్గరే ఉండాలి. డబ్బు మీ చేతిలో ఉంటే ఊళ్లో మాట ఇంకోలా పుడుతుంది.

టైము గురించి చెప్పి ఆపేస్తాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 మధ్యలో రండి. నదీముఖంలోని ఊళ్లలో మగవాళ్లు ఒడ్డునే ఉంటారు, మధ్యాహ్నం నాలుగు దాటాక చెట్టు కింద వలలు అల్లుకుంటూ కూర్చుంటారు. మీటింగ్ అని పిలవకుండా వెళ్లి వాళ్ల పక్కన కూర్చోండి, మ్యాపు తీయండి. పిల్ల చేప కట్టుబాటు ప్రకటించడానికి నవంబరు 21 పెట్టుకోండి, ప్రపంచ మత్స్యకార దినోత్సవం కాబట్టి అధికారులు ఎలాగూ రావాల్సిందే, పిల్ల కూడా అప్పుడు నదిలోనే ఉంటుంది. జులైలో మాత్రం ఎవరినీ కదిలించకండి, ఎర్రనీళ్లు దిగాక మీతో మాట్లాడే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.

మీ ఊరు ఏ పాయ ఒడ్డున ఉందో రాయలేదు. వశిష్ఠ వైపు అయితే పడవల సంఘాల తీరు వేరు, గౌతమి వైపు అయితే యానాంతో కలిపి చూడాలి. అది చెప్తే ముందు ఏ ఊళ్లతో మొదలుపెట్టాలో ఇంకాస్త వివరంగా రాస్తాను.